వెన్నేటికి వచ్చిన కానుక

మైలమ సంచి సర్దుతోంది.

అది తాటినార సంచి. అడుగున పేలపిండి మూట, దాని మీద ఎండబెట్టిన మట్టగిడస చేపలు, ఒక ఉప్పుగడ్డ, చకుముకి రాయి, మారుబట్టలు రెండు జతలు. ఒక జత తనది, ఒకటి రాజకుమారుడిది. అతని పంచె మరీ తెల్లగా ఉందని ముందురోజే బురదలో ముంచి, ఉతికి, మళ్లీ బురదలో ముంచి ఆరబెట్టింది. అన్నీ పెట్టి మూతి కట్టింది. మళ్లీ విప్పింది. వాము పెట్టానా? పెట్టాను. ఈల? మెడలోనే ఉంది. అయినా మూడోసారి విప్పి చూసింది. ఇల్లు విడిచేవాళ్లు ఏదో ఒకటి మరిచిపోతే దానికోసమైనా తిరిగి వస్తారని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకంతోనే కావాలని దువ్వెనలూ గరిటెలూ మరిచిపోయి వెళ్లినవాళ్లను ఆమె చాలామందిని చూసింది. ఆ గరిటెలు ఇంకా ఖాళీ ఇళ్లలో చూరుకు వేలాడుతూనే ఉన్నాయి.

"అక్కా, ఇక చాలు. ఆ సంచి బయలుదేరకముందే నీ చేతిలో చిరిగిపోయేట్టుంది," అన్నాడు గడప మీద కూర్చున్న రాజకుమారుడు ఉదయకేతుడు.

"నీకేం బాబూ. కోటలో ఆకలంటే పదిమంది పలుకుతారు. దారిలో పలికేది నేనొక్కదాన్నే."

"బాబూ కాదు, తమ్ముడు. చాపలమ్ముకునే అక్కాతమ్ముళ్లం మనం. ఒరే అని పిలవడం నేర్చుకోమన్నానా లేదా?"

"నోరు తిరగడం లేదు."

"తిరగకపోతే తల తెగుతుంది. నీదీ, నాదీ."

మైలమ రెండు సొరబుర్రలు తీసుకుని ఒడ్డుకు నడిచింది. వెన్నేటి ఒడ్డున పుట్టినవాళ్లు పొలిమేర దాటితే బుర్రెడు సరస్సు నీళ్లు వెంట తీసుకుపోవాలి. తిరిగి వచ్చాక ఆ నీళ్లను తమ చేత్తోనే మళ్లీ సరస్సులో పోయాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. చేప తింటే ముల్లు నీళ్లకే, తామర కోస్తే కాడ నీళ్లకే. సరస్సు సొత్తు సరస్సుకే అన్నది వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన మాట.

కానీ బుర్ర ముంచడానికి నీళ్లు కనబడాలి కదా. మోచేతులతో ఆకులు విడదీసి, జానెడు సందు చేసి, అందులోంచి నల్లటి నీళ్లు పట్టింది.

ఒకప్పుడు వెన్నేరు అంటే కంకపురి రాజ్యానికి నేల మీద పరిచిన ఆకాశం. తెల్లవారితే ఎర్రతామరలు, పొద్దు వాలితే తెల్లకలువలు, నడుమ గూడబాతుల బారులు పెళ్లివారి పడవల్లా తేలుతూ వచ్చేవి. అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకోవచ్చుననేవారు. కొర్రమీను తన పిల్లల గుంపును వెంటేసుకుని పోతుంటే పడవ ఆపి దారి ఇచ్చేవారు. ఆ ఒడ్డున అరవై గడపల నీటికుక్కలవాళ్లు ఉండేవారు. నీటికుక్కలకు మొలతాడు కట్టి నీళ్లలోకి వదిలితే అవి చేపలను వల వైపు తరుముకొచ్చేవి. వేట అయ్యాక మొదటి చేప వాటిదే. మైలమకు పదకొండు నీటికుక్కలు ఉండేవి. పిల్లలు లేరని ఆమె మీద ఎవరైనా జాలిపడితే, "పదకొండుమందికి తల దువ్వేసరికి నాకు పొద్దుగూకుతోంది తల్లీ," అనేది.

ఏడేళ్ల కిందట విరిదీవి నుంచి ఒక అతిథి వచ్చాడు. వెండి పళ్లెంలో ఐదాకుల మొక్క, దాని నడుమ నెమలికన్ను లాంటి మచ్చతో నీలిపువ్వు. పేరు చంద్రవల్లి అన్నాడు. అతిథి ఇచ్చిన కానుక కాదనడం కంకపురి వంశానికి లేదు. పుచ్చుకున్న చేతితోనే దాన్ని వెన్నేటిలో కలపాలి కూడా. రాజుగారు మేళతాళాలతో కలిపారు. మొదటి ఏడు పూలు అంతఃపురపు జడల్లోకే చాలలేదు. రెండో ఏడు రేవంతా నీలమే. నాలుగో ఏటికి నీళ్ల మీద పచ్చటి కప్పు పడింది. కింద వెలుతురు లేదు. తామరదుంపలు కుళ్లాయి. చేపలు గాలికోసం పైకి వచ్చి, వేళ్లలో చిక్కి చచ్చాయి. గూడబాతులు ఒక పొద్దంతా పైన తిరిగి తిరిగి, దిగడానికి చోటు దొరక్క పోయాయి. మళ్లీ రాలేదు. అరవై గడపల్లో ఏడు మిగిలాయి. మైలమ పదకొండు నీటికుక్కల్లో ఒకటి మిగిలింది. దాని పేరు దొర.

చేతులు ముడుచుకుని ఎవరూ కూర్చోలేదు. రెండో ఏటి చివర నుంచీ రోజూ పొద్దున్నే కొడవళ్లు పట్టుకుని దిగేవారు. చంద్రవల్లిని కోసి, ముక్కలు చేసి, దణ్ణం పెట్టి నీళ్లకే ఇచ్చేసేవారు. మొదటి కోత కులపెద్దది. అంటే మైలమదే.

ఇప్పుడు రాజుగారు చాటింపు వేయించారు. కార్తీక పున్నమి లోపల వెన్నేటిలో నీళ్లు కనబడకపోతే కట్ట తెగ్గొట్టించి సరస్సు మొత్తం సముద్రంలోకి వదిలేస్తారు. నీళ్లు లేకపోతే పీడపువ్వు ఎండి చస్తుంది. దానితో పాటు మిగతావన్నీ కూడా. విరిదీవిలో దీని మందు దొరుకుతుందేమో, మారువేషంలో వెళ్లి చూస్తానని ఉదయకేతుడు తండ్రి కాళ్లు పట్టుకుని గడువు అడిగాడు. నీళ్ల మొక్కల సంగతి తెలిసిన మనిషి కావాలంటే ఊరంతా మైలమ వైపు చూసింది.

భాద్రపద బహుళ షష్ఠి నాడు, అమ్మకానికన్నట్టు చాపల మోపు వేసుకుని, పడవ కదిలింది. దొర ముందు ఈదుతూ ఆకుల కింద దారి వెతికింది. రేవులో సాగనంపడానికి వచ్చింది పొరుగింటి గుండవ్వ ఒక్కతే. వెనక్కి చూడకూడదని తెలిసినా మైలమ చూసింది. గుండవ్వ అప్పటికే ఇంటిదారి పట్టింది.

వెన్నేటి నుంచి పారే చెయ్యేటి వెంబడి సముద్రం చేరేసరికి వాళ్లకు మూడు గండాలు గడిచాయి. కుమ్మరిసారె సుడిగుండం పడవను రెండు గడియలు గిరగిరా తిప్పి ఎటు విసిరేసిందో తెలియలేదు. చెయ్యేటి మలుపులో ఒంటికన్ను సుంకరి, పడవను వదలాలంటే తనను నవ్వించమన్నాడు. రాజకుమారుడు ఎన్ని కథలు చెప్పినా వాడు నవ్వలేదు. దొర వాడి సుంకపు పళ్లెంలోని వేయించిన చేపను ఎత్తుకుపోయి, వాడి ఎదురుగానే వెల్లకిలా పడుకుని పొట్ట మీద పెట్టుకు తింటే మాత్రం కడుపు పట్టుకున్నాడు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఉప్పుదిబ్బ దాటాక ఉక్కుముక్కు గద్దలు ఆకాశాన్ని కమ్మాయి. చాపలు కప్పుకుని, తెడ్డు వేయకుండా, కొట్టుకుపోతున్న చెత్తలా ఒక పగలంతా కదలకుండా పడుకుంటే అవి ముక్కులతో నాలుగు పోట్లు పొడిచి, రుచి లేదని వెళ్లిపోయాయి.

ఇరవయ్యో రోజు పొద్దున విరిదీవి కనిపించింది.

పాలరాతి మెట్లు నీళ్లలోంచి లేచి మబ్బుల దాకా పోతున్నట్టున్నాయి. మెట్టు మెట్టుకూ ఒక తోట, తోట తోటకూ ఒక కొలను. ఒక కొలనులో బంగారు పొలుసుల చేపలు, ఒకదాంట్లో మనిషి గొంతుతో నవ్వే కప్పలు, ఒకదాని గట్టున పగడాల్లా ఎర్రటి తీగలు. చుట్టూ అగడ్త. దాని మీద చంద్రవల్లి పచ్చిక బయల్లా నిండుగా పరుచుకుని ఉంది. ఇంత అందం మైలమ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా ఎక్కడా ఒక పిచ్చుక గూడు లేదు. ఒక కొలను ప్రాణికి ఇంకో కొలను ప్రాణి తెలియదు. అన్నీ దేనికవి ఒంటరిగా ఉన్నాయి.

అగడ్త పక్కన ఒక ముసలి తోటమాలి చంద్రవల్లిని వేళ్లతో సహా లాగి, నల్లరాతి బండ మీద ఎండేస్తున్నాడు. మైలమ చాపల మోపు దించింది.

"ఏం తాతా, అంత చక్కని పూలమొక్కను ఎండలో పారేస్తున్నావు?"

"పారేయడం కాదమ్మా, చంపడం. కోస్తే చచ్చే రకం కాదు ఇది. వేరుతో లాగాలి. రాతి మీద ఏడు ఎండలు కాయాలి. గోరంత ముక్క కొలనులో పడిందా, పది రోజులకు పది మొక్కలు. పడనిస్తే నా మెడ ఉండదు." ముసలివాడు నడుము పట్టుకుని లేచాడు. "మా ఊళ్లో తెలియక కోశాం."

"ఏ ఊరు మీది?"

"ఉండేది," అన్నాడు తాత.

మైలమ బండ మీద చతికిలబడింది. అయిదేళ్లు. రోజూ పొద్దున్నే. కోసి, ముక్కలు చేసి, దణ్ణం పెట్టి. మొదటి కోత తనదే.

"అక్కా, లే. ఎవరో వస్తున్నారు," అన్నాడు ఉదయకేతుడు మెల్లగా.

వచ్చినవాడు విరిదీవి ఏలిక, మాంత్రికుడు ధూమకర్ణుడు. మనిషి సన్నగా, ఎత్తుగా, పెళ్లికొడుకులా ముస్తాబై ఉన్నాడు. సంతోషం కలిగినప్పుడల్లా అతని రెండు చెవుల నుంచి సన్నటి పొగ వస్తుంది. ఇప్పుడు ధారగా వస్తోంది.

"కంకపురి యువరాజు చాపలు అమ్మేంత కష్టం వచ్చిందా?" అన్నాడు. "ఆ పంచె బురదలో ముంచినవారెవరో గాని, అంచుల దాకా సమంగా ముంచారు. బీదవాళ్ల బట్టకు మాసిపోవడం అలా తెలియదు నాయనా."

మైలమ తల దించుకుంది. రెండుసార్లు ముంచింది మరి.

ధూమకర్ణుడు వాళ్లను చెరలో వేయలేదు. అరటాకులు వేసి భోజనం పెట్టించాడు. వక్కలు నములుతూ, "ఏడేళ్లకు నా పువ్వు మిమ్మల్ని బాధపెట్టిందంటే నాకు సిగ్గుగా ఉంది," అని దంతపు పెట్టె తెప్పించాడు. "ఇవి పగడపు నత్తలు. చంద్రవల్లి అంటే ప్రాణం. నెల తిరిగేసరికి ఒక్క ఆకు మిగలనివ్వవు."

"ఆకులన్నీ అయిపోయాక ఇవి ఏం తింటాయి దొరా?" అంది మైలమ.

మూలన నిద్రపోతున్న నీటికుక్క తన పేరనుకుని తలెత్తింది. ధూమకర్ణుడు మొదటిసారి ఆమె వైపు తిరిగి చూశాడు.

"దొరికిందల్లా," అన్నాడు. "వరి ఉంది కదా మీకు."

మైలమ రాజకుమారుడి మోచేయి పట్టుకునేలోపే మాంత్రికుడు సభ అంతా వినేట్టు, "కంకపురి వారికి అతిథి కానుక. వద్దంటే చెప్పండి, వద్దన్నారని ఏడు దీవులకూ చెప్పుకుంటాను," అన్నాడు. ఉదయకేతుడి చేయి చాచుకుంది. అతను చాచాలనుకోలేదు. తండ్రి, తాత, ముత్తాత ఎన్నడూ వెనక్కి తీయని చేయి అది, అలవాటు కొద్దీ దానంతటదే చాచుకుంది. పెట్టె అరచేతికి తగలగానే జలగలా అంటుకుంది.

ఆ కంగారులో దొర తోక తగిలి మైలమ బుర్ర ఒరిగింది. నాలుగు చుక్కల వెన్నేటి నీళ్లు నేల మీద పడ్డాయి. పెట్టె మూత వెంట్రుకవాసి లేచింది. లోపలి నుంచి గులాబీరంగు కొమ్ము ఒకటి బయటికి వచ్చి గాలిని వెతికింది. మైలమ కొంగుతో నీళ్లు తుడిచేసింది. మూత పడింది.

"చూశారుగా," అన్నాడు ధూమకర్ణుడు, చెవుల పొగ గది నిండుతుంటే. "ఆ నీటి వాసన తగిలితే అదే తెరుచుకుంటుంది. చేతిని నరికినా పెట్టె వదలదు. నా ఓడలోనే మిమ్మల్ని ఇంటికి చేరుస్తాను. కత్తి పట్టడం నాకు పాపం. ఏడు రాజ్యాలు గెలిచాను, ఏడూ కానుకలిచ్చే గెలిచాను."

ఓడరేవుకు నడిపిస్తున్న భటులు ఇరవైమంది. ఇనుప చెప్పులు, ఇనుప కవచాలు. అగడ్త అంచుకు రాగానే మైలమ మోపులోని చాపలను రెండు చేతులా చంద్రవల్లి మీదికి విసిరింది.

"ఒరే, బోర్లా పడుకుని పాకు. కాలు మోపావో, పోయావు," అంది. ఒరే అనడం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలియదు.

దొర ముందు, దాని వెనక మైలమ రెండు బుర్రలూ వీపున కట్టుకుని, పెట్టెకు ఆ నీటి వాసన తగలకుండా ఆమెకు మూడు బారల వెనక పెట్టె ఉన్న చేతిని పైకెత్తి రాజకుమారుడు. చాప మీంచి చాప మీదికి పాకారు. భటులు అది పచ్చిక అనుకోలేదు గాని, చాపలు మోసిన చోటు తమనూ మోస్తుందనుకున్నారు. ఇనుప చెప్పులతో దూకారు. నడుముదాకా దిగి, వేళ్లు కాళ్లకు చుట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని అరుస్తూ ఉండిపోయారు. ముసలి తోటమాలి గట్టున నిలబడి అంతా చూశాడు. ఎవరినీ పిలవలేదు. మైలమ రమ్మని చేయి ఊపితే, ఎక్కడికని అడిగినట్టు చేయి తిప్పాడు.

అగడ్త అవతల కట్టి ఉన్న తమ పడవ ఎక్కి, సముద్రం మీద ఆ పెట్టెతో అన్నీ చేసి చూశారు. కత్తి ఒంగింది. నిప్పుకు చేయి బొబ్బలెక్కింది గాని దంతం మసిబారలేదు. ఆశ్వయుజ అమావాస్య పొద్దున ఏటిమొగలో ఉప్పుదిబ్బ కనిపించింది. చుట్టూ తెల్లటి ఉప్పు, గడ్డిపోచ లేని నేల, నడుమ వాననీళ్లు నిలిచే ఒక రాతి దొన. ఉదయకేతుడు పడవ ఆపమన్నాడు. దిగి, తన బుర్ర వంచి ఒక్క చుక్క పెట్టె మీద వేసుకున్నాడు.

మూత తెరుచుకుంది. నత్తలు గుప్పెడు గుప్పెడుగా ఉప్పు మీద పడ్డాయి. పడ్డవి పడ్డట్టే ముడుచుకుని, నురగ కక్కి, ఎండిపోయాయి. చుక్క ఆరగానే మూత పడింది. మళ్లీ ఒక చుక్క. మళ్లీ గుప్పెళ్లు. మధ్యాహ్నానికి అతని చుట్టూ మోకాలెత్తు గుల్లలు పేరుకున్నాయి. పెట్టె బరువు మాత్రం తగ్గలేదు.

"దీనికి అడుగు ఉందో లేదో," అంది మైలమ.

"ఉంటుంది. ఏ కానుకైనా ఎక్కడో అయిపోవాలి. ఇది అయ్యేదాకా నేను ఇక్కడే." అతను నవ్వాడు. "బుర్రెడు నీళ్లున్నాయి. చుక్క చుక్కగా వాడతాను. నువ్వు పో అక్కా. పున్నమికి పదిహేను రోజులే ఉన్నాయి. ఆ ముక్కల సంగతి చెప్పాల్సింది నువ్వే."

"ఆ బుర్ర నీళ్లన్నీ వాడేస్తే వెన్నేటిలో ఏం పోస్తావు? పోయకపోతే వచ్చినట్టు కాదే."

"ముందు రానీ."

మైలమ తాటినార సంచి తెచ్చి అతని పక్కన పెట్టింది. మూతి విప్పి చూసింది. కట్టింది. మళ్లీ విప్పి, వాము ఎక్కడుందో చూపించింది. ఎండుచేపలు ముందు తినమంది, పేలపిండి నిలవుంటుందంది. ఇంకేదో చెప్పాలనిపించి, చెప్పేది లేక, మెడలోని ఈల తీసి అతని మెడలో వేసింది.

"దొర నీ ఈలకు పలుకుతుంది. గట్టు వెంట నడిచి ఏటి మలుపు దాకా వచ్చి ఊదు, అదే ఎదురొస్తుంది. ఒరే, వింటున్నావా?"

"వింటున్నాను," అన్నాడు తమ్ముడు.

ఎదురుప్రవాహంలో ఒంటరిగా పది రోజులు తెడ్డు వేసింది. మాట్లాడటానికి దొర తప్ప ఎవరూ లేరు. దొరకు కూడా మాట్లాడాలని లేదు, రోజూ వెనక్కి తిరిగి ఈదబోయేది. మొలతాడు పట్టి లాగేది మైలమ.

కార్తీక శుద్ధ దశమి పొద్దున రేవులో ఏడు గడపల వాళ్లూ నీళ్లలో నిలబడి ఉన్నారు. కోస్తున్నారు, ముక్కలు చేస్తున్నారు, దణ్ణం పెట్టి వదులుతున్నారు. మైలమ పడవ దిగి, గుండవ్వ చేతిలోని కొడవలి తీసి బురదలో పడేసింది. ఒక మొక్కను వేళ్లతో సహా లాగి, తీసుకెళ్లి ఎండలో బండ మీద వేసింది.

"మైలమా, ఏం పనే ఇది. సరస్సు సొత్తు..."

"ఇది సరస్సు సొత్తు కాదవ్వా. వచ్చిన కానుక. అయిదేళ్లుగా మనమే నాటుతున్నాం. నేనే నాటాను."

మిగతావాళ్లు కొడవళ్లు దించారు. గుండవ్వ వంగి ఒక మొక్క లాగింది. తెచ్చి బండ మీద పెట్టేటప్పుడు, పాత అలవాటు చొప్పున, దానికి దణ్ణం పెట్టింది.

అయిదు పగళ్లు లాగారు. అరచేతుల తోలు ఊడింది. పున్నమి నాటి పొద్దున రేవు ముందు చాప పరిచినంత మేర నీళ్లు బయటపడ్డాయి, ఆకాశంతో సహా. మైలమ తన బుర్ర తెచ్చి తన నీళ్లు అందులో పోసింది. దొర దాంట్లో మునిగి, ఎంతకీ పైకి రాక, వచ్చినప్పుడు నోట్లో వేలెడు చేదుపరిగెతో వచ్చింది. ఏడు గడపల వాళ్లూ ఆ చేపను చూశారు. ఎవరూ దాన్ని దొర నోట్లోంచి తీసుకోలేదు.

అప్పుడే కట్ట మీద గునపాలవాళ్ల డప్పు మోగింది. మైలమ కట్టకు అడ్డంగా పరుగెత్తింది. గునపాల ముందు దండనాయకుడు గుర్రం మీద ఉన్నాడు.

"ఇదా నీళ్లు? ఒక చాపంత?" అన్నాడు.

"నిన్న లేదు అది. రేపు రెండు చాపలంత. పైకెత్తిన గునపం దించమనండి."

"చెప్పడానికి నువ్వెవరు? యువరాజులవారేరీ?"

"వెనక వస్తున్నారు," అంది మైలమ.

దండనాయకుడు ఏటి వైపు చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. దూరంగా, ఏటి మలుపులో, నల్ల తెరచాప ఒకటి పైకి లేస్తోంది. అది ఉప్పుదిబ్బ మీదుగా వచ్చిన ఓడ. దాని ముందు కొసన నిలబడ్డవాడి చెవుల నుంచి సన్నటి పొగ. దొర నీళ్లలోంచి తలెత్తి ఈల కోసం చెవులు రిక్కించింది. మైలమ ఒక గునపాన్ని రెండు చేతులా పట్టుకుని వదలలేదు.

ఉదయకేతుడు ఆశ్వయుజ అమావాస్య నాడు ఉప్పుదిబ్బ మీద దిగాడు. ఆ కార్తీకానికి గాని, ఆ తరువాత ఏ కార్తీకానికి గాని, తిరిగి రాలేదు.